ఇరవై ఎనిమిది డిగ్రీల గది

తప్పు చేసింది నేను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ భారం తగ్గుతుంది, ఎవరు చేశారా అని చివరిదాకా వెతుక్కునే పని మీకూ ఉండదు.

నా పేరు శ్యామసుందరి. అరవై మూడేళ్ళు. మాది చీరాల పక్కన వేటపాలెం. ఇప్పుడుంటున్నది ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్ళో, మా అమ్మాయి శ్రావ్య దగ్గర. శ్రావ్య ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. ఇది కొండమీది ఊరు. చలికాలం పడమటి గాలి తిరిగిందంటే ఎముకల్లో దూరుతుంది. కారు లేకుండా గుమ్మం దాటలేం. మనవలిద్దరికీ నేను చెప్పేదంతా అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో ఇస్తారు. ఆ జవాబు నాకు సగమే అర్థమవుతుంది. వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఇంట్లో కూర్చుని ఎవరో ఒకరి మీద విసుక్కుంటూ గడిపాను. ఎవరూ దొరక్కపోతే హీటర్ మీద విసుక్కున్నాను.

అందులోంచి నన్ను బయటికి లాగింది స్పందన. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగిన పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో మొక్కల మీద పీహెచ్‌డీ చేస్తూ మా ఇంటి వెనక గదిలో అద్దెకుంటోంది. ఒకరోజు నేను పెరట్లో వంగమొక్కలకు నీళ్ళు పోస్తుంటే కాసేపు నిలబడి చూసింది.

“ఆంటీ, మీరు నీళ్ళు పోసుడు మస్తు నీట్‌గ ఉంది. మా యూని గ్లాస్‌హౌస్‌ల పార్ట్‌టైమ్‌గ ఒకరు కావాలంటున్నరు. మార్నింగ్స్ మాత్రమే. నాతోని కార్ల రావచ్చు. వస్తరా?”

“నాకు ఇంగ్లీషు రాదు కదమ్మా.”

“మొక్కలకు కూడ రాదు ఆంటీ.”

అలా అరవై దాటాక ఉద్యోగస్తురాలినయ్యాను. మెళ్ళో ఫోటో ఉన్న కార్డు వేసుకుని తిరుగుతుంటే మా అల్లుడు “ఆఫీసర్ గారు వస్తున్నారు” అని వేళాకోళం చేసేవాడు. చేస్తే చేశాడు, నాకు మాత్రం గర్వంగానే ఉండేది.

స్పందన ప్రయోగానికి గ్లాస్‌హౌస్ అనే ఆ అద్దాల షెడ్డు చివర రెండు చిన్న గదులిచ్చారు. రెండింట్లోనూ టమాటా నారే. ఒక గది పద్దెనిమిది డిగ్రీలు, రెండోది ఇరవై ఎనిమిది. విత్తనం ఒకటే, మట్టి ఒకటే, లైట్లు ఒకటే. తేడా అల్లా వేడి ఒక్కటే. పొద్దున ఏడింటికి నేను రెండు గదుల్లోనూ కొలత ప్రకారం నీళ్ళు పోసి కాగితం మీద టిక్కు పెట్టాలి. ఇంకేమీ చెయ్యక్కర్లేదు అని స్పందన మొదటిరోజే చెప్పింది. చెయ్యకూడదు అని చెప్పాల్సింది. కానీ ఆ పిల్లకు మాత్రం ఏం తెలుసు, నాకు నారు కనపడితే చెయ్యి ఊరుకోదని.

వేడి గది తలుపు మొదటిసారి తీసినప్పుడు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తడి మట్టి, టమాటా ఆకు, వెచ్చటి ఆవిరి కలిసిన వాసన ముక్కుకు తగిలింది. బయట కొండమీది పొగమంచులో లైట్లు వేసుకుని కార్లు నడుపుకుంటున్నారు మనుషులు. నేను మాత్రం మా నాన్న నారుమడి గట్టు మీద ఉన్నాను.

మా నాన్న కూరగాయల నారు పెంచి అమ్మేవాడు. మాది ఇసక నేల. మడుల మధ్య దొరువులు ఉండేవి, అంటే ఇసకలో తవ్విన నీటిగుంటలు. రెండు చేతులా రెండు బుంగలు ముంచుకుని, పరుగులాంటి నడకతో మడుల మీద చిలకరించుకుంటూ పోవాలి. ఇంకొల్లు నుంచి, పర్చూరు నుంచి రైతులు సైకిళ్ళ మీద వచ్చి కట్టలు కట్టించుకుని పోయేవాళ్ళు. చలికాలం నారుతో పేచీ లేదు. ఎండలు ముదిరాక పోసిన నారే తొందరపాటుది. రెండు రోజులు ఉక్కపోసిందంటే కాడ సన్నగా, పాలిపోయి, పైకి సాగిపోతుంది. ఆకులు కూడా తొడిమలతో సహా పైకి లేస్తాయి. అలాంటి నారు నాటితే సముద్రపు గాలికి మొదటిరోజే పడుకుంటుంది. సాగిన మడిని నాన్న ఎవరికీ అమ్మేవాడు కాదు. పీకి గట్టు మీద పోసేవాడు.

సాగకుండా ఉండటానికి ఆయన చేసే పని ఒకటుంది. తెల్లవారగానే తుండుగుడ్డ తడిపి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస నా చేతికిచ్చేవాడు. మడికి అటొకరం ఇటొకరం నిలబడి నారు మీదుగా మెల్లగా లాగేవాళ్ళం. గుడ్డ వెళ్ళినంత మేరా నారు తల వంచి మళ్ళీ లేచేది, బడిపిల్లలు మేష్టారికి దండం పెట్టి లేచినట్టు. మడికి ఇరవై సార్లు. ఎందుకు నాన్నా అంటే, “గాలి ఇప్పుడే అలవాటైతే రేపు పొలంలో పడదమ్మా” అనేవాడు. పది రోజులు అలా చేశాక కాడ బిరుసుగా, ఆకు ముదురు పచ్చగా, పొట్టిగా గట్టిగా తయారైన నారుని చూసి “ఏపుగా ఉంది” అనేవాడు. ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. ఆ మాట ఆయన నోట వచ్చిన రోజు ఇంట్లో అందరం హాయిగా అన్నం తినేవాళ్ళం.

అమ్మ మంచాన పడ్డ దగ్గర్నుంచి నా పెళ్ళయ్యేదాకా ఆ రెండో కొస నాదే. నాన్నతో నేను మాట్లాడిన మాటలన్నీ ఆ గుడ్డకు అటూ ఇటూ నిలబడి మాట్లాడినవే. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ మడుల స్థలంలో ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి. వేటపాలెం వెళ్ళినా నాకు చూసుకోవడానికి ఏమీ లేదు.

అందుకని ఆ వేడి గదిలో, ఎవరూ లేని పొద్దుటిపూట, అరచెయ్యి చాపి నారు మీదుగా నిమిరాను. తల వంచి లేచింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇరవై సార్లు లెక్కపెట్టుకుని మరీ నిమిరాను. అరచేతికి పసరు అంటుకుంది. చెయ్యి కడుక్కోకుండా మధ్యాహ్నం దాకా ఆ వాసన చూసుకుంటూ గడిపాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

చల్లగదిలో ఒక్కసారి కూడా నిమరలేదు. అక్కడ నాకు మోకాళ్ళు పట్టేసేవి. పైగా అక్కడ నాన్న లేడు. నీళ్ళు పోసి, టిక్కు పెట్టి, తలుపేసుకుని వచ్చేదాన్ని.

మార్చి నెలలో మొదటి నారు కొలతలు అయ్యాయి. ఆ సాయంత్రం స్పందన వంటింట్లోకి వచ్చి కాఫీ కూడా అడక్కుండా కూర్చుంది.

“ఏమైందమ్మా?”

“వేడి గదిల మొక్కలు ఏపుగ పెరుగుతలేవు ఆంటీ. చల్లగదిలవి ఎంతున్నయో ఇవీ అంతే ఉన్నయి. ప్రొఫెసర్ మళ్ల ఫస్ట్ నుంచి చేయమన్నది.”

ఏపు అనే మాట ఆ పిల్లకు అంటించింది నేనే. పెరట్లో కరివేపాకును చూసి, గోంగూరను చూసి రోజూ నేననే మాట. అది ఆమె నోట విని నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వేటపాలెంలో నారు పోసినవాడి కూతురు నీళ్ళు పోస్తుంటే నారు ఏపుగా లేకపోవడమేమిటి? నా కంటికి నారు బ్రహ్మాండంగా ఉంది. కానీ అంత చదువుకున్న పిల్ల బాగా లేదంటే నాకు కనపడని లోపం ఏదో ఉంటుందనుకున్నాను. నా చెయ్యి చాలడం లేదనుకున్నాను.

రెండోసారి పోసిన నారుకి ఇరవై కాదు, నలభై సార్లు నిమిరాను. శని ఆదివారాలు నాకు పని లేకపోయినా శ్రావ్యను బతిమాలి దింపించుకున్నాను.

“అమ్మా, ఆదివారం కూడానా? నీకు నిజంగా పిచ్చి పట్టింది” అంది శ్రావ్య.

“పట్టనీవే. ఆ పిల్ల మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో” అన్నాను.

జూన్ మొదట్లో రెండో కొలతలు వచ్చాయి. ఈసారి వేడి గదిలోవి చల్లగదిలోవాటికంటే పొట్టిగా తేలాయట. స్పందనను పీహెచ్‌డీ చూసే కమిటీ ముందుకు పిలిచారు. ఆ మధ్యాహ్నం తను బయటికి వచ్చేదాకా నేను కారు పక్కన నిలబడ్డాను. వచ్చి కారు స్టార్ట్ చేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

“ఏమన్నారమ్మా?”

“దునియా అంత వేడికి టమాటా సాగుతది ఆంటీ. నా ఒక్కదాని దగ్గరనే సాగుతలేదు. అంటే నాకు పని రాదు అన్నట్టే కద. పీహెచ్‌డీ ఆపేసి మాస్టర్స్ తీస్కొని వెళ్ళిపొమ్మని సాఫ్ట్‌గ చెప్పిన్రు.”

“సాగడమేంటి? నారు సాగాలా?”

“అదే కద నా టాపిక్కు. మాడిపోవుడు కాదు, ఎండదెబ్బ కాదు. జర్ర వెచ్చగైతే చాలు, మొక్క తన ఒళ్ళు మార్చుకుంటది. కాడ పొడుగు చేస్తది, ఆకులు పైకి లేపుతది. నేల వేడికి దూరంగ, గాలి తగిలే తాన ఉందామని. లోపల వెలుతురును పసిగట్టే ప్రొటీన్ ఒకటుంటది. వేడిని కూడ అదే పసిగడ్తది. చల్లగున్నంతసేపు అది బ్రేక్ లెక్క పట్టుకొని ఉంటది, వేడి తగిలితే వదిలేస్తది. అప్పుడు మొక్క సాగుతది. ఎంత సాగుతది, ఎందుకు సాగుతది, అది చూసుడే నా పని. అసలు సాగకపోతే నేనేం చూడాలె?”

నా చేతులు రెండూ శాలువా కిందికి లాక్కున్నాను. యాభై ఏళ్ళుగా సాగిన నారంటే రోగిష్టిది అనుకుంటూ వచ్చాను. అది గాలి కోసం లేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు. నాకు నోరెక్కువని పేరు. అవసరమైన రోజున అది పనిచెయ్యలేదు.

మూడు రోజులు అలాగే గడిపాను. ముసలిదాని అరచెయ్యి ఎంత, అన్ని యంత్రాలెంత అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. నాన్న గుడ్డ లాగిందే నారు సాగకుండా. నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? చెబితే ఆ పిల్ల నా మొహం చూడదని భయం. ఇంకో భయం కూడా ఉంది, అది చెప్పుకోవడానికే సిగ్గు. చెబితే ఆ గది నాకు లేకుండా పోతుంది. ఒక ఆడపిల్ల చదువు ఒక పక్క, నాకు నాన్న గుర్తొచ్చే గది ఒక పక్క. మూడు రోజులు ఆలోచించాల్సిన విషయమా అది? అయినా ఆలోచించాను.

శనివారం మధ్యాహ్నం స్పందన డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. శ్రావ్య డ్యూటీలో ఉంది, పిల్లలు ఈతకు వెళ్ళారు.

“ఏం రాస్తున్నావమ్మా?”

“ప్రొఫెసర్‌కి మెయిల్ ఆంటీ. టెంపరేచర్ సెట్టింగ్‌ల నేనే ఏదో మిస్టేక్ చేసిన, మాస్టర్స్ చాలు అని.”

“నువ్వేం మిస్టేక్ చేశావు?”

“తెల్వదు. కాని నాదే అయ్యుంటది కద, ఇంకెవరిది అయితది?”

“నాది” అన్నాను. “నేను రోజూ వేడి గదిలో నారుని చేత్తో నిమిరాను. మా ఊళ్ళో అలా చేస్తే నారు సాగదు. పొట్టిగా గట్టిగా అవుతుంది.”

స్పందన లాప్‌టాప్ మూత మెల్లగా వేసింది.

“చల్లగదిల?”

“అక్కడ ముట్టుకోలేదు.”

“ఎన్నిసార్లు ఆంటీ?”

“మొదటిసారి రోజుకి ఇరవై. రెండోసారి నలభై.”

“నలభై ఎందుకు?”

“ఏపుగా పెరగట్లేదని నువ్వే అన్నావుగా.”

“ఏపుగ అంటే పొడుగ్గ అని కాదా?”

“కాదమ్మా. గట్టిగా, బలంగా అని. మా నాన్న అలాగే అనేవాడు.”

ఆమె నా వైపు చూడలేదు. టేబుల్ మీద వేలితో ఏదో గీస్తూ కూర్చుంది. “నాలుగు నెలలు ఆంటీ” అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. శ్రావ్యకు విషయం తెలిసి, “అది లాబ్ అమ్మా, ఎవరైనా అలా ముట్టుకుంటారా?” అని కోప్పడింది. “నారుని ముట్టుకోకుండా ఎవరు పెంచుతారే?” అని నేనూ అరిచాను. అరిచి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. పనికి వెళ్ళడం మానేశాను. మెడలో కార్డు తీసి సొరుగులో పడేశాను.

అయిదో రోజు స్పందన నేరుగా వంటింట్లోకి వచ్చింది.

“ప్రొఫెసర్‌కి చెప్పిన ఆంటీ. నవ్వింది. తర్వాత నవ్వినందుకు సారీ చెప్పింది. ముట్టుకుంటే మొక్క పొట్టిగైతదని నేను పుట్టకముందే పేపర్లు వచ్చినయట. నేనే చదువుకోవాల్సింది. ఎనిమిది వారాలు టైమ్ ఇచ్చిన్రు. ఇది లాస్ట్.”

“నన్ను తిట్టవేంటమ్మా?”

“మస్తు తిట్టిన. లోపల తిట్టిన.” స్టూలు లాక్కుని కూర్చుని, “సోమవారం సీడ్స్ వేస్తున్న. నీళ్ళు మళ్ల మీరే పోయాలె. మనిషిని మారుస్తే ఇంకో తేడా వస్తదట. ముట్టుకోవద్దు, అంతే” అంది.

సోమవారం వెళ్ళేసరికి వేడి గది తలుపు మీద తెలుగులో రాసిన కాగితం అంటించి ఉంది. ‘ముట్టుకోవదు ఆంటీ’. ఇంగ్లీషు మీడియం పిల్ల, ద కింద వత్తు మర్చిపోయింది. ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రం మొత్తం మీద ఆ కాగితం నా ఒక్కదాని కోసమే. జేబులోంచి పెన్ను తీసి వత్తు పెట్టి లోపలికి వెళ్ళాను.

ఆ నెల రోజులూ నా చేతిని కాపలా కాయడమే నా ఉద్యోగం. నీళ్ళ క్యాను ఎడమ చేతికి మార్చుకుని కుడి చెయ్యి జర్కిన్ జేబులో దోపుకునేదాన్ని. మొలిచిన వారానికల్లా నారు సాగడం మొదలుపెట్టింది. కాడలు సన్నబడ్డాయి. ఆకులు రెక్కలు ఎత్తినట్టు పైకి లేచాయి. రోజు రోజుకీ సాగుతోంది. ఫ్యాను గాలికి కూడా వణుకుతోంది. ఇది రోగం కాదట నాన్నా, గాలి కోసమట అని మనసులో సంజాయిషీ చెప్పుకునేదాన్ని. ఆయన ఒప్పుకునే మనిషి కాదు. ఆ గదిలో ఆయన నా వెనక నిలబడి ఆ నారుని చూస్తున్నట్టే ఉండేది. గబగబా టిక్కు పెట్టి బయటపడేదాన్ని.

కొలిచే రోజున స్పందన నన్నూ లోపలికి రమ్మంది. ఆమె స్కేలు పెట్టి చదువుతుంటే నేను పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డాను. చల్లగదిలో నాలుగు సెంటీమీటర్లు, నాలుగున్నర, నాలుగు. వేడి గదిలో తొమ్మిది, తొమ్మిదిన్నర, మళ్ళీ తొమ్మిది. ఆరో మొక్క దగ్గరే ఆమెకు నవ్వు ఆగలేదు. పదో మొక్కకి నేల మీద చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఎన్ని నెలల తర్వాత నవ్వింది పిల్ల. నాకూ కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు.

“సంతోషమే కద ఆంటీ?”

“సంతోషమేనమ్మా.”

అబద్ధం చెప్పలేదు. ఆమె చదువు నిలబడింది, అంతకంటే నాకు కావలసిందేముంది. కానీ నా ఎదురుగా ఉన్నది, నాన్న పీకి గట్టు మీద పోసే నారు. మడినిండా అదే. నా చేత్తో నీళ్ళు పోసి పెంచింది.

“నెక్స్ట్ బ్యాచ్ పై సోమవారం ఆంటీ. మళ్ల మీరూ నేనూ” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“నన్ను బయట కుండీలకు మార్పించమ్మా” అన్నాను.

“బయటనా? ఆగస్టు గాలి ఎట్లుంటదో మీకు తెల్సు కద.”

“తెలుసు. ఈ నెల రోజులూ నీకోసం ఆపుకున్నాను. మళ్ళీ ఆపుకోగలనని మాటివ్వలేను. ఆ గదిలోకి వెళ్తే నా చెయ్యి నా మాట వినదు. మా నాన్న మాట వింటుంది.”

స్పందన నా కుడి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. వారం తిరక్కుండా మార్పించింది.

ఇప్పుడు బయట కుండీలకు నీళ్ళు పోస్తున్నాను. చెవులకు మఫ్లర్ చుట్టుకుని, గొట్టం పట్టుకుని, ఆ పడమటి గాలిని నోరారా తిట్టుకుంటూ. వేడి గదికి స్పందన తనే వెళ్తుంది. ఆమె తలుపు తీసే వేళకు నేను అటువైపు కుండీల దగ్గర ఉండేట్టు చూసుకుంటాను. తలుపు తెరిచినప్పుడు ఆ వాసన ఒక్క క్షణం బయటికి వస్తుంది.

“వాసన చూస్తే మొక్కలకు ఏమన్నా అవుతుందా?” అని బయటికి మారిన మొదటిరోజే అడిగాను.

“ఏం కాదు ఆంటీ” అంది స్పందన. అప్పటినుంచీ ఆ తలుపు వెంటనే వెయ్యదు, నేను దాటి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడుతుంది.